తిరుపతిలో ఇల్లు అమ్మాలంటే: 1 శాతం బ్రోకరా, నెట్ రేటా, మనమే అమ్ముకోవడమా?

మా నాయన కట్టిన ఇల్లు కొర్లగుంటలో ఉండేది, పోయిన ఏడు అమ్మేసినాం. నాయన పోయినాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది, బాడుగకి ఇస్తే చూసుకునేవాళ్లు లేరు, సరే అమ్మేద్దాం అనుకున్న రోజు నుంచి రిజిస్ట్రేషన్ రోజు దాకా ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో బ్రోకర్ల విషయంలో నేను చేసిన తప్పులు, మా మామ చేసిన తప్పు, చివరికి ఏది పనికొచ్చింది, అన్నీ రాస్తా ఉన్నా. ఇల్లు అమ్మాలనుకునేవాళ్లు ఒక్కసారి ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది మనలో చానామందికి జీవితంలో ఒకేసారి వచ్చే పని, నేర్చుకొని రెండోసారి బాగా చేద్దాం అంటే రెండో ఇల్లు ఉండదు.

మనమంతా ఏం చేస్తామంటే కమిషన్ శాతం దగ్గర బేరానికి కూచుంటాం. 2 అంటే 1 చెయ్యన్నా, 1 అంటే అర చెయ్యన్నా అని. తప్పు కాదు. కానీ ఆ కమిషన్ దేని మీద కడతా ఉన్నాం, ఎప్పుడు ఇస్తాం, ఆయన అవతల పార్టీ దగ్గర ఎంత తీసుకుంటా ఉన్నాడు, ఇవి అడగం. డబ్బు పోయేది ఎక్కువగా ఆడ.

లెక్క చూడండి. మాది 40 అంకణాల సైటు, అంటే 160 గజాలు, మీద పాత ఇల్లు. అంకణం 2 లక్షలు లెక్కన 80 లక్షలు అనుకుందాం. 1 శాతం అంటే బ్రోకర్‌కి 80 వేలు. అదే ఇల్లు 77 లక్షలకే పోయిందనుకోండి, ఆయనకి 77 వేలు. మనకి 3 లక్షలు పోతే ఆయనకి పోయేది 3 వేలు. ఆ 3 వేల కోసం ఆయన ఇంకో రెండు నెలలు తిరిగి, పది పార్టీలకి ఇల్లు చూపించి, గట్టిగా నిలబడి మాట్లాడతాడా? మాట్లాడడు. "సార్, పార్టీ చానా మంచోళ్లు, వైట్ మనీ, పోనిచ్చుకోవద్దు" అని మన మీదే ఒత్తిడి పెడతాడు. ఆయన చెడ్డోడు కాదు, ఆయన లెక్క అట్లా ఉంది అంతే. అమెరికాలో స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు షికాగో చుట్టుపక్కల దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలు చూసి 2008లో ఇదే తేల్చినారు, ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు సుమారు 9 రోజులు ఎక్కువ ఆగి, దాదాపు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారని. అదే ఏజెంటు మన ఇంటికి అన్ని రోజులు ఆగడు. షికాగో అయినా కొర్లగుంట అయినా ఈ లెక్క ఒకటే.

ఇంగ దారులు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది అందరూ చేసేది, తెలిసిన నలుగురైదుగురు బ్రోకర్లకి చెప్పేయడం. మా దగ్గర మామూలుగా అమ్మేవాళ్ల దగ్గర 1 శాతం, కొనేవాళ్ల దగ్గర 1 శాతం, కొందరు 2 అడిగి తగ్గుతారు. నేనూ ఐదుగురికి చెప్పినా. నెల తిరిగేసరికి ఒకాయన 84 అని, ఇంకొకాయన 82 అని, ఇంకొకాయన నన్ను అడక్కుండానే 78కి ఇచ్చేస్తారు అని చెప్పుకుంటా ఉన్నారు. ఊరు ఎంతప్పా, లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగతా మాట్లాడుకున్న మాట సాయంత్రానికి మంగళం దాకా పోతాది. కొనేవాళ్లు తక్కువ చెప్పినాయన దగ్గరికే పోతారు కదా, పైగా ఒకే ఇల్లు ఐదుగురు చూపిస్తే "ఇదేదో లిటిగేషన్ ఇల్లు అంట, అందుకే ఇన్ని రోజులైనా పోలేదు" అనే పేరు పడిపోయింది. మా ఇంటికి ఏ తగాదా లేదు, ఆ మాట విన్న రోజు అమ్మ అన్నం తినలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఒకే పార్టీని ఇద్దరు బ్రోకర్లు వేరే వేరే రోజుల్లో పిలుచుకొని వచ్చినారు, నేను గుర్తు పెట్టుకోలేదు. మా పక్కింటాయన ఇల్లు అమ్మినప్పుడు ఇదే జరిగి రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద ఇద్దరూ పోట్లాడుకుంటే, ఒకాయనకి 1 శాతం, ఇంకొకాయనకి 20 వేలు ఇచ్చి బయటపడినాడు. అది తెలిసినాక నేను ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టినా, తేదీ, ఏ బ్రోకర్, ఏ పార్టీ, ఏ ఊరు, అన్నీ రాసి, అదే రోజు ఆ బ్రోకర్‌కి వాట్సాప్‌లో "ఈరోజు మీరు ఫలానా పార్టీకి చూపించినారు" అని మెసేజ్ పెట్టడం. రెండు నిమిషాల పని, ఎవురూ తర్వాత మాట మార్చలేరు. నలుగురికి చెప్పాలనుకుంటే మాత్రం ధర ఒక్కటే చెప్పి, అదే ధర అందరికీ రాసి పంపండి.

రెండోది నెట్ రేటు. "సార్, మీకు ఎంత కావాలో చెప్పండి, మీ చేతికి అంత ఇచ్చేస్తాను, పైన వచ్చేది నాది, మీరు కమిషనే ఇవ్వబళ్లేదు." వినేదానికి చానా బాగుంటాది. దయచేసి దీనికి ఒప్పుకోవద్దు, ఇది నేను గట్టిగా చెప్తా ఉన్నా.

మా మామకి పద్మావతిపురంలో ఇల్లు ఉండేది. రిటైరైనాడు, పిల్లలు బెంగళూరులో, తిరగలేడు. ఒకాయన వచ్చి 62 లక్షలు నెట్ అన్నాడు, మామకి తను అనుకున్నదానికంటే రెండు లక్షలు ఎక్కువ కనపడింది, సంతోషంగా 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టేసినాడు. రెండు నెలలకి పార్టీ దొరికింది. రిజిస్ట్రేషన్ రోజు డాక్యుమెంట్ రైటర్ దగ్గర బల్ల మీద కూచొని ఉండాం, కొనే ఆయన భార్య మా అత్తతో మామూలుగా మాట్లాడతా "69 అంటే మాకు కొంచెం భారమే వదినా, లోన్ వచ్చింది కాబట్టి సరిపోయింది" అనింది. మామ చేతిలో పెన్ను ఉంది, అప్పటికి రెండు పేజీల్లో సంతకం పెట్టినాడు. నా వైపు చూసినాడు, ఒక్క మాట అనలేదు, మిగతా పేజీలు సంతకాలు పెట్టేసినాడు. 62 మీద 7 లక్షలు అంటే 11 శాతం పైన. 2 శాతం కమిషన్ ఎక్కువ అని భయపడి నెట్ రేటుకి పోయిన మనిషి 11 శాతం ఇచ్చినాడు.

కథ ఆడితో అయిపోలేదు. కొనేవాళ్లు బ్యాంక్ లోన్ తీసుకున్నారు కాబట్టి డాక్యుమెంట్‌లో 69 లక్షలే రాసినారు, డబ్బు మొత్తం మామ అకౌంట్‌లోనే పడింది, దాంట్లో నుంచి 7 లక్షలు డ్రా చేసి బ్రోకర్ చేతికి ఇచ్చినాడు, రసీదు లేదు. మరుసటి ఏడు ఆడిటర్ దగ్గరికి పోతే, అమ్మిన ధర 69 కాబట్టి లాభం 69 మీదే లెక్క వేస్తాం అన్నాడు. 2024 జులై 23 నుంచి అమ్మిన ఇళ్లకి లాంగ్ టర్మ్ లాభం (రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇల్లు అమ్మితే వచ్చే లాభం) మీద పన్ను 12.5 శాతం, అంటే తన చేతికి రాని 7 లక్షల మీద మామ 87,500 పన్ను, దాని మీద 4 శాతం సెస్ కలిపి 91 వేలు కట్టాల్సి వచ్చింది. అమ్మకానికి ఇచ్చిన కమిషన్‌ని లాభంలో నుంచి తీసేసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటాది, కానీ రసీదు, బ్యాంకులో పోయిన ఆధారం ఉండాల. అందుకే కమిషన్ ఎంతైనా సరే అకౌంట్ నుంచి అకౌంట్‌కే పంపండి, ఆయన పాన్ నంబర్‌తో రసీదు రాయించుకోండి. ఇళ్ల అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు అనే రూల్ కూడా ఉంది, తీసుకుంటే తీసుకున్నంత పెనాల్టీ పడొచ్చు, అది అడ్వాన్స్‌కీ వర్తిస్తాది.

మూడోది మనమే అమ్ముకోవడం. కమిషన్ మిగుల్తాది కదా అని నేను రెండు నెలలు ఇదే చేసినా. గేటుకి బోర్డు కట్టినా, 99ఏకర్స్‌లో, ఓఎల్ఎక్స్‌లో ఫోటోలు పెట్టినా. నోట్‌బుక్‌లో లెక్క ఉంది, 41 ఫోన్లు వచ్చినాయి, దాంట్లో 26 బ్రోకర్లవే. మిగిలిన 15 మందిలో ఇల్లు చూసినోళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురు అడిగిన మొదటి మాట "బ్రోకర్ లేడు కదండీ, ఆ కమిషన్ మాకు తగ్గించండి" అని. అంటే మనం మిగుల్తాది అనుకున్న 80 వేలు వాళ్లూ మిగుల్చుకోవాలనుకుంటారు, ఇద్దరిలో ఒకరికే మిగుల్తాది. ఒకాయన ఏకంగా 76 అన్నాడు.

నిజంగా మనమే అమ్ముకోవడం ఎవురికి పనికొస్తాదంటే, కొనేవాళ్లు మన వీధిలోనే ఉండేవాళ్లకి. పక్కింటాయన సైటు కలుపుకోవాలని చూస్తా ఉంటే, మేడ మీద పదేళ్లుగా బాడుగకి ఉండేవాళ్లు కొంటాం అంటే, బంధువుల్లో అడిగేవాళ్లు ఉంటే. అట్లాంటప్పుడు మధ్యలో బ్రోకర్‌ని పెట్టడం అనవసరం, ఒక మంచి డాక్యుమెంట్ రైటర్, ఒక లాయర్ చాలు. అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అయినా కొంచెం సులువే, అదే బిల్డింగ్‌లో ఈ మధ్య ఎంతకి పోయిందో అందరికీ తెలుసు. పాత ఇండిపెండెంట్ ఇల్లయితే కష్టం. ఎందుకంటే తిరుపతిలో ఇల్లు కొనేవాళ్లలో చానామంది బయటోళ్లు, కడప నుంచి, నెల్లూరు నుంచి, చెన్నై నుంచి, రిటైరైనాక స్వామి పాదాల దగ్గర ఉందామని వచ్చేవాళ్లు. వాళ్లు దర్శనానికి వచ్చి, కొండ దిగినాక సాయంత్రం రెండు గంటలు ఖాళీ చేసుకొని ఇళ్లు చూస్తారు, ఆ రెండు గంటల్లో వాళ్లని కారెక్కించుకొని తిప్పేది బ్రోకరే. వాళ్లకి మన గేటు మీద బోర్డు ఎప్పుడు కనపడాల?

అంకణం గురించి ఒక మాట చెప్పాల. మన దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వాళ్లకి 72. నేను సొంతంగా అమ్ముకునేటప్పుడు నెల్లూరు నుంచి ఒక పార్టీ ఫోన్‌లో అంకణం 2 లక్షలు అంటే ఎగిరి గంతేసి వచ్చేసినారు, టేపు పట్టి కొలిచినాక మొహాలు మాడిపోయినాయి, మమ్మల్ని మోసగాళ్లని చూసినట్టు చూసినారు. అప్పట్నుంచి గజాల్లోనే చెప్పినా, 160 గజాలు, గజం 50 వేలు. మీరూ గజాల్లోనో చదరపు అడుగుల్లోనో చెప్పండి.

నాలుగోది, నేను చివరికి చేసింది. ఒక్క బ్రోకర్‌కే ఇచ్చి, మెట్లు మెట్లుగా కమిషన్ పెట్టడం. ఐదుగురిలో ఒకాయన ఉండేవాడు, ఎక్కువ మాట్లాడడు, మొదటి రోజే ఫీజు గురించి కాకుండా కాగితాలు అడిగినాడు. "అన్నా, 22ఏ లిస్ట్‌లో లేదని నాకు తెలుసు, బయటోళ్లకి తెలియదు కదా" అన్నాడు. తిరుపతిలో మఠం భూములు, దేవాదాయ భూముల భయం కొనేవాళ్లకి చానా ఉంది, 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే కాదు. ఆయన 1983 నుంచి ఈసీ (ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీయించి, నాయన కొన్న డాక్యుమెంట్, దాని వెనక లింక్ డాక్యుమెంట్లు, ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదులు, నాయన డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అన్నీ వరసగా పెట్టి మూడు సెట్లు స్పైరల్ బైండింగ్ చేయించి తెచ్చినాడు. పార్టీ ఇల్లు చూస్తానే చేతిలో ఆ ఫైల్ పెడతాడు. దీనికి నేను 1 శాతం ఆనందంగా ఇస్తాను.

ఒప్పందం ఏందంటే, 79 లక్షల దాకా 1 శాతం, 79 పైన వచ్చే ప్రతి రూపాయిలో 10 పైసలు ఆయనకి. అంటే 79కి అమ్మితే 79 వేలు, 81కి అమ్మితే 79 వేలు ప్లస్ 20 వేలు. ఇప్పుడు పైన లక్ష వస్తే ఆయనకి వెయ్యి కాదు, పది వేలు. కడప నుంచి ఒక రిటైర్డ్ టీచర్ దంపతులు వచ్చినారు, మొదట 78న్నర అన్నారు. ఇంతకు ముందైతే నాకు ఫోన్ చేసి ఒప్పుకో అన్నా అనేవాడే, ఇప్పుడు తనే రెండుసార్లు కడపకి పోయి కూచొని మాట్లాడినాడు, నీళ్ల పంపు ఎన్ని గంటలు వస్తాదో, రైల్వే స్టేషన్ ఎంత దూరమో, పక్కన ఎవురు ఉంటారో అన్నీ చెప్పి 81 దగ్గర తెగ్గొట్టినాడు. ఆయనకి ఇచ్చింది 99 వేలు, మా చేతికి 80 లక్షల వెయ్యి. మామూలు 1 శాతం లెక్కతో అయితే 81 వేలు ఇచ్చేవాడిని, 18 వేలు ఎక్కువ ఇచ్చినాను, దానికి నాకు బాధ లేదు.

కొనేవాళ్ల దగ్గర కూడా 1 శాతం తీసుకున్నాడు, ముందే నాతో చెప్పినాడు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. కొనేవాళ్ల జేబులో ఉండేది ఒకే మొత్తం. మా పార్టీకి 88 లక్షలు ఉండె. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షల 7 వేల 500, బ్రోకర్‌కి 81 వేలు, పోగా మాకు 81. వాళ్ల దగ్గర బ్రోకర్ 2 శాతం అడిగి ఉంటే ఆ తేడా మా ధరలో నుంచే తగ్గేది. అందుకని "నువ్వు అవతల ఎంత తీసుకుంటా ఉన్నావు" అని అడగడం మన హక్కు, మొహమాటం పడొద్దు.

మా చిన్నన్న డల్లాస్‌లో ఉంటాడు, ఆడ కమిషన్ మొత్తం మీద 5, 6 శాతం, అమ్మేవాళ్లే రెండు పక్కల ఏజెంట్లకీ ఇచ్చే పద్ధతి ఎన్నో ఏళ్లు నడిచింది. దాని మీద కేసులు పడి, ఏజెంట్ల జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్లకి రాజీ పడింది, 2024 ఆగస్టు 17 నుంచి కొనేవాళ్లు ఇల్లు చూడకముందే తమ ఏజెంటుకి ఎంత ఇస్తారో రాతలో పెట్టుకోవాలని రూల్ వచ్చింది. మన దగ్గర అంత కమిషన్ లేదు, కానీ రాత కూడా లేదు, అంతా నోటి మాటే.

కాబట్టి ఒక పేజీ రాసుకోండి, ఏ భాషలో అయినా పర్వాలేదు. శాతం ఎంత, ఏ ధర మీద. జీఎస్టీ దాంట్లో కలిసే ఉందా, పైనా, ఎందుకంటే జీఎస్టీ ఉన్న ఏజెన్సీ అయితే కమిషన్ మీద 18 శాతం వేస్తారు, 1 లక్షా 60 వేల కమిషన్ ముందే చెప్పకుండా 1 లక్షా 88 వేల 800 అయి కూచుంటాది. డబ్బు ఎప్పుడు ఇస్తాం, నేనైతే రిజిస్ట్రేషన్ రోజే, అగ్రిమెంట్ రోజు సగం అడిగితే పావు కంటే ఎక్కువ వద్దు, డీల్ చెడిపోతే అది వెనక్కి ఇవ్వాల. 90 రోజులు గడువు పెట్టండి, అది దాటితే మన దారి మనది. మన బంధువులు, పక్కింటివాళ్లు, బాడుగవాళ్లు కొంటే కమిషన్ లేదని వాళ్ల పేర్లు ముందే రాసేయండి. అడ్వాన్స్ పార్టీ అకౌంట్ నుంచి నేరుగా మన అకౌంట్‌కి రావాల, బ్రోకర్ చేతిలో పెట్టొద్దు. ఒరిజినల్స్ ఇవ్వొద్దు, జిరాక్సులే. జీపీఏ (మన బదులు సంతకం పెట్టే హక్కు ఇచ్చే కాగితం) బ్రోకర్ పేరు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, విదేశాల్లో ఉండేవాళ్లు ఇంట్లో మనిషికి ఇవ్వండి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ గురించి చానామంది అడుగుతారు. 2016 రెరా చట్టం ప్రకారం రెరాలో రిజిస్టరైన వెంచర్లు, అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులు అమ్మిపెట్టే ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉండి తీరాల. పాత ఇల్లు తిరిగి అమ్మడం వేరే సంగతి. కమిషన్ ఇంతే తీసుకోవాలని ఆ చట్టం చెప్పదు. కానీ నంబర్ ఉన్నాయన అయితే ఏపీ రెరా వెబ్‌సైట్‌లో పేరు, అడ్రస్ చూసుకోవచ్చు, రేపు ఏదైనా అయితే పట్టుకునేదానికి మనిషి ఉంటాడు. ఇద్దరూ సమానంగా కనపడితే నేను నంబర్ ఉన్నాయన వైపే పోతాను.

ఇంకోటి, ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టుకొని మన పాన్ మీద కడతారు. మాకు 81 వేలు అట్లా పోయింది. అమ్మ దాన్ని చూసి ఇంకో బ్రోకర్‌కి ఇచ్చినామేమో అని కంగారు పడింది. అది కమిషన్ కాదు, మన పన్నే, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తాది.

మా మామకి ఇప్పుడు చిత్తూరులో కొంగారెడ్డిపల్లిలో ఒక సైటు ఉంది. దాన్ని అమ్మాలంటా ఉన్నాడు. ఈసారి నన్ను పిలిచి "అబ్బోడా, ఆ ఒక పేజీ కాగితం నాకూ రాసిపెట్టు" అన్నాడు. చిత్తూరులో పార్టీలు తిరుపతి అంత తొందరగా దొరకరు కాబట్టి గడువు 90 కాకుండా 150 రోజులు పెట్టినాం, కమిషన్ అదే మెట్ల పద్ధతి. ఆదివారం మొదటి పార్టీ చూసేదానికి వస్తా ఉన్నారు, ఈలోపల ఈసీ తీసి ఫైల్ తయారు చెయ్యాల.